విశ్వవిద్యాలయ భవనాలకు భూతాప వ్యవస్థ: బోర్లు వేయడానికి ముందు వేయవలసిన లెక్క

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికా మధ్యపశ్చిమంలో మీరు పనిచేస్తున్న విశ్వవిద్యాలయం తన పాత ఆవిరి బాయిలర్లను తీసివేసి, నేలలో లోతైన బోర్లు వేసి, హీట్ పంపుల ద్వారా భవనాలను శీతాకాలంలో వేడి చేయాలని, వేసవిలో చల్లబరచాలని ఆలోచిస్తోంది. కన్సల్టెంటు ఇచ్చిన నివేదికలో బోర్ల సంఖ్య, ఖర్చు, ఆదా అన్నీ ఉన్నాయి గాని, అందులో దేన్ని ముందుగా నిలదీయాలో తెలియడం లేదని రాశారు. రెండవది, హైదరాబాదులో అధ్యాపకులుగా ఉన్న మీ మిత్రులు ఇదే పద్ధతితో తమ క్యాంపస్ ఏసీ బిల్లు తగ్గుతుందా అని మిమ్మల్ని అడిగారు. నా దృష్టిలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే లెక్కలో ఉంది. ఏడాది మొత్తం మీద మీ భవనాలు భూమిలోకి ఎంత వేడిని పంపుతాయి, భూమి నుంచి ఎంత వేడిని తీసుకుంటాయి అన్నదే ఆ లెక్క. బోర్ల సంఖ్య, లోతు, యంత్రాల పరిమాణం, పెట్టుబడి అన్నీ దాని తర్వాత తేలవలసినవి. ఆ లెక్క లేకుండా బోర్ల సంఖ్యతో మొదలయ్యే నివేదికను నేనైతే పక్కన పెట్టి, ముందు అది తెమ్మని అడుగుతాను.

మొదట ఒక విషయం వేరు చేసుకోవాలి, ఎందుకంటే పాలకమండలి సమావేశాలలో ఇది తరచుగా కలగాపులగమవుతుంది. ఒరెగాన్ రాష్ట్రంలోని క్లామత్ ఫాల్స్‌లో ఒరెగాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే సంస్థ ఉంది. 1964లో ఆ సంస్థ ఇప్పుడున్న స్థలానికి మారింది. ఆ స్థలాన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం నేల అడుగున దొరికే వేడినీరే. అక్కడి బావుల్లో సుమారు 90 డిగ్రీల సెల్సియస్ నీరు వస్తుంది, దానితోనే భవనాలన్నీ వెచ్చబడతాయి. అది నేల ఇచ్చిన వరం, అన్ని చోట్లా దొరికేది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం అలాంటి వేడిని లోతుల్లో వెదకడానికి 2022లో దాదాపు రెండు మైళ్ల లోతు పరిశోధక బోరు తవ్వింది. మీ విశ్వవిద్యాలయం తలపెట్టినది ఈ రెండూ కాదు. మీ బోర్లు కొన్ని వందల అడుగులే దిగుతాయి, అక్కడ నేల వేడిగా ఉండదు. ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. అంటే భూమి మీకు వేడిని పుట్టించి ఇవ్వదు. వేసవిలో మీరు దాచిన వేడిని శీతాకాలంలో తిరిగి ఇస్తుంది. అది గాదె వంటిది: పోసినంత తీసుకోవచ్చు, తీసినంత పోయవచ్చు, కాని ఏటా పోస్తూనే ఉండి తీయకపోతే నిండిపోతుంది, తీస్తూనే ఉండి పోయకపోతే అడుగంటుతుంది.

పనితీరు క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్క బోరులో ఆంగ్ల అక్షరం ‘యు’ ఆకారంలో వంచిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు దిగుతుంది. పైపుకూ బోరు గోడకూ మధ్య ఖాళీని బెంటొనైట్ మట్టి, ఇసుక కలిపిన గ్రౌటుతో అడుగు నుంచి పైకి నింపుతారు. పైపులో నీరు మూసిన వలయంగా తిరుగుతుంది; భూగర్భ జలాన్ని తోడే ప్రసక్తి లేదు. కేంద్ర ప్లాంటులోని హీట్ పంపు శీతాకాలంలో ఆ నీటి నుంచి వేడిని లాగి, ఉష్ణోగ్రత పెంచి, భవనాలకు పంపుతుంది. వేసవిలో భవనాల వేడిని అదే నీటిలోకి దించుతుంది. ఒక యూనిట్ (కిలోవాట్-గంట) విద్యుత్తుకు నాలుగు యూనిట్ల వేడి దక్కిందంటే, అందులో మూడు భూమి నుంచి వచ్చినవి, ఒకటి కంప్రెసర్ తిన్న విద్యుత్తే వేడిగా మారినది. చల్లబరచేటప్పుడు మాత్రం కంప్రెసర్ విద్యుత్తు కూడా వేడిగా మారి, భవనపు వేడితో కలిసి భూమిలోకే పోతుంది. ఈ తేడాను గమనించకపోవడమే చాలా ప్రాథమిక నివేదికల లోపం.

అంకెల్లో చూడండి. ఒక క్యాంపస్‌కు ఏడాదికి కోటి యూనిట్ల వేడి, కోటి యూనిట్ల చల్లదనం అవసరమని అనుకుందాం. పైకి చూస్తే రెండూ సమానమే కనుక భూమి కూడా సమతూకంగా ఉంటుందనిపిస్తుంది. కాని వేడి చేసేటప్పుడు ఒకటికి నాలుగు లెక్కన పనిచేస్తే భూమి నుంచి తీసేది 75 లక్షల యూనిట్లే. చల్లబరచేటప్పుడు ఒకటికి ఐదు లెక్కన పనిచేస్తే భూమిలోకి పోయేది కోటీ 20 లక్షల యూనిట్లు. ఏటా 45 లక్షల యూనిట్ల వేడి నేలలో మిగిలిపోతుంది. ఈ సామర్థ్యాల దగ్గర భూమి నిజంగా సమతూకంలో ఉండాలంటే వేడి అవసరం చల్లదనం అవసరానికి 1.6 రెట్లు ఉండాలి. ఇండియానా, మిన్నెసోటా వంటి చలి రాష్ట్రాలలో వసతి గృహాలూ తరగతి గదులూ ఉన్న క్యాంపస్‌కు ఇది అందుబాటులో ఉన్న నిష్పత్తే. ప్రయోగశాలలు, కంప్యూటర్ సర్వర్ల గదులు ఎక్కువగా ఉన్న క్యాంపస్‌లో, బయట మంచు కురుస్తున్నా లోపల చల్లదనమే అవసరమయ్యే భవనాలు ఎన్నో ఉంటాయి కనుక, ఈ నిష్పత్తి తలకిందులు కావచ్చు.

నేలలో మిగిలిన వేడి చుట్టుపక్కలకు పోదా అని అడుగుతారు. పోతుంది, కాని చాలా నెమ్మదిగా. సాధారణ రాతిలో, నీటి ప్రవాహం లేని చోట, ఏడాది కాలంలో వేడి చెప్పుకోదగ్గంతగా ప్రయాణించే దూరం ఐదారు మీటర్లు మాత్రమే. ఇరవై అడుగుల ఎడంతో, 410 అడుగుల లోతుతో, 400 బోర్లు వేసిన క్షేత్రాన్ని తీసుకోండి. దాని విస్తీర్ణం సుమారు మూడున్నర ఎకరాలు, అందులో ఇమిడిన రాతి ఘనపరిమాణం సుమారు 18 లక్షల ఘనపు మీటర్లు. అంత రాతిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి 11 లక్షల యూనిట్లు. అంటే పై లెక్కలోని 45 లక్షల యూనిట్ల మిగులు, అంచుల నుంచి పోయేది కాస్త తీసేసినా, ఆ క్షేత్రాన్ని ఏడాదికి నాలుగు డిగ్రీల దాకా వేడెక్కించగలదు. మొదటి రెండేళ్లు యంత్రాలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఆరో ఏడో ఏడాదికి వేసవిలో బోర్ల నుంచి వచ్చే నీరు కూలింగ్ టవరు (కొంత నీటిని ఆవిరి చేసి మిగిలినదాన్ని చల్లబరచే గోపురం) నీటికన్నా వేడిగా ఉంటుంది. అప్పటికి కన్సల్టెంటు వేరే ప్రాజెక్టులో ఉంటాడు. అందుకే నివేదికలో మొదటి ఏడాది సామర్థ్యం కాకుండా, ఇరవయ్యో ఏడాది బోరు నీటి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో చూపే గ్రాఫును అడగాలి. ఆ గ్రాఫు లేదంటే గంటగంటకూ, అంటే ఏడాదిలోని 8,760 గంటలకూ, లోడు లెక్క వేయలేదని అర్థం.

దీనికి అమెరికాలోనే పాత ఉదాహరణ ఉంది. న్యూజెర్సీలోని స్టాక్‌టన్ విశ్వవిద్యాలయం, అప్పట్లో కళాశాల, 1994లో తన కార్ల పార్కింగు స్థలం కింద 400 బోర్లను ఒక్కొక్కటి 425 అడుగుల లోతున వేయించింది. నేను పైన చెప్పిన ఊహాక్షేత్రం దాదాపు దాని పరిమాణమే. ఆ రోజుల్లో అంత పెద్ద వ్యవస్థ అరుదు. విద్యుత్తు, గ్యాసు వాడకం బాగా తగ్గించిందన్న పేరూ తెచ్చుకుంది. కాని అక్కడి భవనాలకు చల్లదనం అవసరం ఎక్కువ కావడంతో, ఏటా తీసేదానికన్నా పోసేది ఎక్కువై, క్షేత్రం క్రమంగా వేడెక్కింది. స్టాక్‌టన్ చేసిన మంచి పని ఏమిటంటే, మొదటి నుంచీ పర్యవేక్షణ బోర్లు వేసి ఆ వేడిని కొలుస్తూ వచ్చింది. 2008లో అదే విశ్వవిద్యాలయం మరో దారి కూడా పట్టింది: శీతాకాలపు చలితో చల్లబరచిన నీటిని భూగర్భ జలపొరలో దాచి, వేసవిలో తోడి భవనాలను చల్లబరచే వ్యవస్థను నిర్మించింది. నెదర్లాండ్స్‌లో ఇది మామూలు పద్ధతి; ఐంథోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్ చాలా వరకు ఇలాంటి జలపొర నిల్వ మీద ఆధారపడి నడుస్తోంది. ఇసుకతో కూడిన మందమైన జలపొర, నెమ్మదిగా కదిలే నీరు ఉన్న చోట ఇది మూసిన బోర్లకన్నా చవక. మీ క్యాంపస్ కింద సున్నపురాయి ఉంటే ఆ ఆలోచన వదిలేయవచ్చు.

ఇక మీకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఇండియానాలోని మన్సీలో ఉన్న బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం. వీలైతే వెళ్లి చూసి రండి. కారులో పోగల దూరమే. అక్కడ నాలుగు పాత బొగ్గు బాయిలర్లు ఉండేవి, ఏడాదికి సుమారు 36,000 టన్నుల బొగ్గు కాల్చేవి. 2009లో పని మొదలుపెట్టి, దశలవారీగా సుమారు 3,600 బోర్లు వేసి, 47 భవనాలను కలిపారు. 2014 నాటికి బొగ్గు కాల్చడం ఆగిపోయింది. మొదటి దశ బోర్లు 400 అడుగుల లోతు. కేంద్ర ప్లాంటుల నుంచి రెండు జతల పైపులు బయలుదేరతాయి: ఒకదానిలో సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడినీరు, మరొకదానిలో ఐదారు డిగ్రీల చల్లని నీరు. ఒకే యంత్రం ఒక పక్క చల్లని నీటినీ మరో పక్క వేడినీటినీ ఏకకాలంలో తయారు చేస్తుంది, మిగులో తరుగో మాత్రమే బోర్ల వైపు వెళుతుంది.

ఆ 65 డిగ్రీల అంకె దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ ప్రాజెక్టులో డబ్బు ఊహించని విధంగా ఖర్చయ్యేది అక్కడే. పాత క్యాంపస్‌లలో ఆవిరి భవనం దాకా వచ్చి, అక్కడ 82 డిగ్రీల వేడినీటిని తయారు చేస్తుంది. గదుల్లోని రేడియేటర్లు, గాలి యంత్రాల కాయిళ్లు ఆ ఉష్ణోగ్రతకే కొలిచి పెట్టినవి. హీట్ పంపు 82 డిగ్రీలు ఇవ్వలేదని కాదు, ఇవ్వడానికి విద్యుత్తు విపరీతంగా తింటుంది. పంపిణీ ఉష్ణోగ్రత తగ్గిన కొద్దీ సామర్థ్యం పెరుగుతుంది. 65కు దిగితే పాత కాయిళ్లలో కొన్ని చాలవు, 50కి దిగితే చాలా మటుకు చాలవు. కనుక ప్రతి భవనానికీ వెళ్లి, అత్యంత చలి రోజున ఎంత ఉష్ణోగ్రత నీటితో సరిపెట్టుకోగలదో నిజంగా పరీక్షించాలి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు: వచ్చే శీతాకాలంలో, చలి తీవ్రంగా ఉన్న ఒక వారాంతంలో, భవనం సరఫరా నీటిని 82 నుంచి 70కి, ఆ తర్వాత 65కు తగ్గించి, ఏ గదుల నుంచి ఫిర్యాదులు వస్తాయో చూడాలి. పాత భవనాలలో రేడియేటర్లు అవసరానికి మించి పెద్దవిగా పెట్టి ఉండటం, తర్వాత కిటికీలు మార్చి అవసరం ఇంకా తగ్గడం వల్ల, ఫిర్యాదు రాని భవనాలు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ ఉంటాయి. చాలని కాయిళ్లను మాత్రమే మార్చాలి. భూగర్భ సొరంగాల్లోని పాత ఆవిరి పైపులు దారిపొడవునా వేడిని పారబోస్తుంటాయి. ఆవిరి నుంచి వేడినీటికి మారడం వల్లనే, ఒక్క బోరు వేయకముందే, గణనీయమైన ఆదా దక్కుతుంది. ఆ ఆదాను బోర్ల ఖాతాలో వేసి చూపే నివేదికలు ఉన్నాయి, జాగ్రత్తపడండి.

ఆవిరినే అంటిపెట్టుకోక తప్పని అవసరాలు కొన్ని ఉంటాయి: ప్రయోగశాలల్లో పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవులు, జంతుశాలల పంజరాలు కడిగే యంత్రాలు, కొన్ని వంటశాలలు. వాటి కోసం క్యాంపస్ అంతటా ఆవిరి నడపనక్కర్లేదు, భవనంలోనే చిన్న విద్యుత్ ఆవిరి యంత్రం చాలు.

బోర్ల సంఖ్యను తగ్గించే అసలు మార్గం వేడిని ముందు భవనాల మధ్యే పంచడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2015లో గ్యాసుతో నడిచే తన పాత ప్లాంటును మూసి, చల్లదనం కోసం భవనాల నుంచి తీసిన వేడినే వేడినీటిగా తిరిగి పంచే ప్లాంటును పెట్టుకుంది. అక్కడ వేడి అవసరంలో అత్యధిక భాగం ఇలా తీరుతుంది. పెద్ద నీటి తొట్లలో పగటి వేడిని రాత్రికి దాచడంతో సరిపోయింది. కాలిఫోర్నియా వాతావరణం వల్ల అది సాధ్యమైంది, మీ దగ్గర జనవరిలో అంత చల్లదనం అవసరం ఉండదు. అయినా పరిశోధన భవనాలు ఉన్న మీ క్యాంపస్‌లో ఏటా కొన్ని వేల గంటల పాటు వేడి, చల్లదనం రెండూ ఒకేసారి అవసరమవుతూ ఉంటాయి. ప్రతి గంటలో ఆ రెంటిలో చిన్నదాన్ని ముందు తీసేయండి. భూమికి మిగిలే పని ఎంతో అప్పుడే తెలుస్తుంది. కొలరాడో మెసా విశ్వవిద్యాలయంలో చాలా భవనాలను గోరువెచ్చని నీటి వలయంతో కలిపి, ఒక భవనం విడిచిన వేడిని మరో భవనం, ఈతకొలను వాడుకునేలా 2008 నుంచి అంచెలంచెలుగా విస్తరించారు. అక్కడ యంత్రాలు కేంద్ర ప్లాంటులో కాక భవనాలలోనే ఉంటాయి. ఏటా ఒకటో రెండో భవనాలను మాత్రమే మార్చగలిగే చిన్న విశ్వవిద్యాలయానికి నా ఓటు ఈ పద్ధతికే. ఇప్పటికే కేంద్ర చల్లని నీటి పైపులు ఉన్న పెద్ద క్యాంపస్‌కు బాల్ స్టేట్ పద్ధతి మేలు.

ఏడాదిలో అత్యంత చలి గంటల కోసం బోర్లు వేయకండి. గరిష్ఠ అవసరంలో సగం చుట్టూ ఇచ్చే హీట్ పంపులు ఏడాది మొత్తం వేడిలో చాలా పెద్ద భాగాన్ని తీరుస్తాయి, ఎందుకంటే గరిష్ఠం వచ్చేది కొద్ది రోజులే. మిగిలినదానికి ఉన్న గ్యాసు బాయిలర్లలో ఒకదాన్ని ఉంచుకోవడం పర్యావరణ ద్రోహమేమీ కాదు, అది పది శాతం వేడి కోసం రెట్టింపు బోర్లు వేయకుండా కాపాడుతుంది. అలాగే చల్లదనం వైపు మిగులు ఉంటే, ఒక కూలింగ్ టవరును ఉంచి, చల్లని రాత్రులలో క్షేత్రంలోని వేడిని గాలికి విడిచిపెట్టే ఏర్పాటు చేయాలి. శుద్ధమైన వ్యవస్థ కావాలని పట్టుబట్టే కమిటీ సభ్యులు ప్రతి చోటా ఉంటారు. వారికి ఇరవయ్యో ఏడాది గ్రాఫు చూపించండి.

బోర్ల విషయంలో అడగవలసినవి కొన్నే. పరీక్షా బోరు వేసి, కనీసం 48 గంటల పాటు స్థిరంగా వేడినీటిని తిప్పుతూ చేసే థర్మల్ రెస్పాన్స్ టెస్ట్ లేకుండా డిజైను ఖరారు చేయకూడదు. పుస్తకాల్లోని రాతి వాహకత అంకెలతో వేసిన లెక్క వందల బోర్ల తేడా తేగలదు. క్షేత్రం పెద్దదైతే ఒక్క పరీక్ష చాలదు, రెండు చివర్లా చేయాలి. గ్రౌటు సరిగా నింపకపోతే పైపుకూ రాతికీ మధ్య గాలి, నీటి ఖాళీలు మిగిలి ఆ బోరు సగం పనే చేస్తుంది, పైగా పై జలపొరలోని మలినం కింది జలపొరలోకి దిగే దారి ఏర్పడుతుంది. రాష్ట్ర అనుమతుల్లో గ్రౌటు మీద అంత పట్టింపు అందుకే. స్థలం చాలని చోట లోతుకు పోతారు: ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2046 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తేవాలన్న లక్ష్యంతో వేస్తున్న బోర్లలో కొన్ని 850 అడుగుల దాకా దిగుతున్నాయి. ఎక్కడ వేసినా, ఆ స్థలం మీద రాబోయే యాభై ఏళ్లలో భవనం కట్టకూడదని ఇప్పుడే మాస్టర్ ప్లానులో రాయించాలి. ఆటస్థలాలు, పార్కింగు స్థలాలు ఎంచుకునేది అందుకే. ఒక వేసవి, బహుశా రెండు వేసవులు, ఆ స్థలం బురదమయం అవుతుంది; క్రీడల విభాగాధిపతితో ముందే మాట్లాడటం మంచిది. పైపులు మాత్రం ఒకసారి సరిగా అతికి, పీడన పరీక్ష దాటి పాతిపెడితే, యంత్రాలు రెండు తరాలు మారినా అవి ఉంటాయి.

ఖర్చు గురించి. బాల్ స్టేట్ ప్రాజెక్టుకు సుమారు 8 కోట్ల డాలర్లు అయింది, ఏటా ఆదా సుమారు 20 లక్షల డాలర్లని విశ్వవిద్యాలయమే చెప్పింది. ఈ రెండు అంకెలను నేరుగా భాగించి నలభై ఏళ్లకు గాని డబ్బు తిరిగి రాదని తేల్చేవారిని చూశాను. ఆ లెక్క తప్పు. ఆ విశ్వవిద్యాలయం ఎలాగూ బాయిలర్లు మార్చవలసి ఉంది; మొదట కొత్త బొగ్గు బాయిలరే పెట్టాలనుకుంది, దాని ధర అంచనాలను మించిపోవడంతోనే భూమి వైపు చూసింది. కాబట్టి పోల్చవలసింది మొత్తం ఖర్చును కాదు, తప్పనిసరిగా పెట్టవలసిన ఖర్చు మీద అదనంగా పెట్టేదాన్ని. మీ బాయిలర్లకు ఇంకా ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉంటే ఈ ప్రాజెక్టును వాయిదా వేయమనే చెబుతాను. అవి ఐదేళ్లలో మార్చవలసినవైతే లెక్క పూర్తిగా మారిపోతుంది. దానికి తోడు 2022 నాటి ఫెడరల్ చట్టం తర్వాత, పన్ను కట్టని విశ్వవిద్యాలయాలు కూడా భూతాప హీట్ పంపులకు ఇచ్చే పన్ను రాయితీని నగదు రూపంలో పొందే వీలు కలిగింది. వేతన నిబంధనలు పాటిస్తే అది అర్హమైన ఖర్చులో 30 శాతం. ఏ యంత్రాలు ఏ దేశం నుంచి వచ్చాయన్న షరతులు ఇటీవల చేరాయి కనుక, ఆర్డరు పెట్టకముందే పన్నుల న్యాయవాదిని సంప్రదించాలి.

విద్యుత్తు సంగతి కూడా మరవకండి. బాయిలరు ఆపితే కాలుష్యం మీ పొగగొట్టం నుంచి విద్యుత్ కేంద్రానికి మారుతుంది. హీట్ పంపు ఒకటికి మూడుకు తక్కువ ఇస్తే, బొగ్గు విద్యుత్తు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో ఆ మార్పు వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. క్యాంపస్ సబ్‌స్టేషన్ వేసవి గరిష్ఠానికి కొలిచి కట్టినది కావచ్చు, ఇప్పుడు శీతాకాలంలోనూ గరిష్ఠం వస్తుంది. డిమాండ్ చార్జీలను (నెలలో గరిష్ఠ వాడకాన్ని బట్టి పడే రుసుమును) నెలవారీగా లెక్క వేయించండి.

ఇక హైదరాబాదు. పై లెక్క చదివినవారికి జవాబు ఊహకు అందే ఉంటుంది. అక్కడ తీసే కాలం లేదు, పోసే కాలమే ఉంది. వెయ్యి టన్నుల ఏసీ ఉన్న క్యాంపస్ ఏడాదికి మూడు వేల గంటలకు సమానంగా పూర్తి లోడుతో నడుస్తుందనుకుంటే, భూమిలోకి పోవలసిన వేడి సుమారు కోటీ 26 లక్షల యూనిట్లు. నేను పైన చెప్పిన 400 బోర్ల క్షేత్రం ఒక్క ఏడాదిలోనే పది డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. వసతి గృహాల స్నానపు నీళ్ల కోసం తిరిగి తీసుకుందామంటే, వెయ్యి మంది విద్యార్థులకు తలా పాతిక లీటర్ల నీటిని ఇరవై డిగ్రీలు వేడిచేయడానికి రోజుకు ఆరు వందల యూనిట్లు కూడా పట్టవు. అదే క్యాంపస్ రోజుకు బయటికి నెట్టే వేడిలో అది రెండు శాతం లోపే. ఆ వేడినీటిని చిల్లరు (ఏసీ కోసం నీటిని చల్లబరచే యంత్రం) వదిలే వేడి నుంచే తయారు చేయడం మంచి పనే, చేయాలి కూడా, కాని దానికి బోర్లు అక్కర్లేదు.

సమతూకం ఒక్కటే అడ్డంకి కాదు. మన్సీలో వేసవి గాలి 32 డిగ్రీలు ఉన్నప్పుడు నేల 13 డిగ్రీలు ఉంటుంది. ఆ తేడాయే యంత్రానికి లాభం. హైదరాబాదు గ్రానైటులో బోరు లోతున రాయి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. మామూలు కూలింగ్ టవరు, తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) 25 అటూఇటూగా ఉండే ఆ ఊళ్లో, ఏడాదిలో చాలా రోజులు 28, 29 డిగ్రీల నీటిని బోరు లేకుండానే ఇస్తుంది. అంటే కోట్లు పోసి తవ్వి సంపాదించేది టవరు ఇచ్చేదే. బోరుబండ్లు చవక, గ్రానైటు వేడిని బాగా మోస్తుంది, అన్న రెండు మాటలూ నిజమే గాని, అవి ఈ లెక్కను మార్చవు. బోర్లవల్ల నిజంగా మిగిలేది నీరు మాత్రమే: పై వెయ్యి టన్నుల క్యాంపస్ టవర్లలో ఏడాదికి దాదాపు 1.9 కోట్ల లీటర్లు ఆవిరైపోతాయి. ఆ నీటిని శుద్ధిచేసిన వాడుక నీటితో భర్తీ చేయడం బోర్లకన్నా ఎంతో చవక.

మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ వేడినీటి బోరుతో 20 కిలోవాట్ల విద్యుత్తు తీసే ప్రయోగం చేసింది కదా అని మీ మిత్రులు అనవచ్చు. అది గోదావరి లోయలోని వేడినీటి సంగతి, హైదరాబాదు క్యాంపస్ చల్లదనంతో దానికి సంబంధం లేదు. గురుగ్రామ్‌లో టెరి అనే ఇంధన పరిశోధన సంస్థ శిక్షణ కేంద్రంలో నాలుగు మీటర్ల లోతున, 70 మీటర్ల పొడవు సొరంగాల గుండా గాలిని లాగి గదులకు పంపే ఏర్పాటు ఉంది, అది చక్కగా పేరు తెచ్చుకుంది. అక్కడ శీతాకాలం గట్టిది కనుక నేల ఏటా తిరిగి చల్లబడుతుంది. పైగా అది చిన్న భవనం.

హైదరాబాదులో ఏసీ బిల్లు తగ్గించాలంటే మీ మిత్రులు చూడవలసింది వాళ్ల ఊళ్లోనే ఉంది. ఇన్ఫోసిస్ సంస్థ 2011లో తన పోచారం క్యాంపస్‌లో ఒక భవనాన్ని సరిగ్గా రెండు సగాలుగా కట్టింది: ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి శ్లాబులో పోతపోసిన పైపుల్లో చల్లని నీరు తిప్పే రేడియంట్ పద్ధతి. రెండింటినీ వేరువేరు మీటర్లతో కొలిస్తే, రెండో సగం సుమారు మూడో వంతు తక్కువ విద్యుత్తు వాడింది. శ్లాబుకు ఏడు డిగ్రీల నీరు అక్కర్లేదు, 14 డిగ్రీల పైమాటు సరిపోతుంది. చిల్లరు పని అంత తేలికవుతుంది. కొత్త భవనమైతే ఆ పద్ధతిని, కిటికీలకు నీడను, గాలిలోని తేమ తీసే వేరే యంత్రాన్ని కలిపి డిజైను చేయించమనండి. పాత భవనమైతే ముందు చిల్లర్లకు, ప్రతి భవనానికీ వేరువేరుగా శక్తి మీటర్లు పెట్టించి ఒక ఏడాది లెక్క తీయమనండి. మీ క్యాంపస్‌కైనా నేను చెప్పే మొదటి ఖర్చు అదే: ఈ వేసవికే ప్రతి భవనం ముఖద్వారం దగ్గర వేడి, చల్లదనం మీటర్లు పెట్టించి, గంటవారీ అంకెలు చేతికి వచ్చాక పరీక్షా బోరుకు టెండరు పిలవండి.